పిల్లికి ఏకాదశి లేదు

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ వినని తెలుగువాళ్లు అరుదు. ఎలుకల బెడద తీర్చడానికి రాయలవారు ఇంటికో పిల్లిని ఇచ్చి, దాన్ని సాకడానికి ఒక ఆవును కూడా ఇప్పించారు. అందరూ ఆ పాలు పిల్లులకు పోసి మేపారు. రామకృష్ణుడు మాత్రం మొదటిరోజే సలసల కాగే పాలు పిల్లి ముందు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె కనిపిస్తే చాలు, పరుగు లంకించుకునేది. పాలన్నీ కవిగారి ఇంటిల్లిపాదీ తాగారు. చిన్నప్పుడు నవ్వుకుని వదిలేసిన ఈ కథలో పశువైద్యులు ఇప్పటికీ ఒప్పుకునే సత్యం ఒకటుంది. ఒక తిండిని పిల్లి బాధతో ముడిపెట్టుకుందంటే దాన్ని మళ్లీ ముట్టించడం కష్టం. కడుపులో వికారంగా ఉన్నప్పుడు బలవంతాన నోట్లో పెట్టిన ఆహారం ఎంత మేలైనదైనా, జబ్బు తగ్గాక కూడా దాని వాసన వస్తే ముఖం తిప్పేసుకుంటుంది. వైద్యులు దీన్ని ఆహార విముఖత అంటారు. ఇళ్లలో మనం పెట్టుకున్న పేర్లు వేరు: వేషాలు, గారాబం, నఖరాలు.

ఏ పేరుతో పిలుస్తామన్నదాని మీద ఒక్కోసారి ప్రాణం ఆధారపడి ఉంటుంది. మా ఇంట్లో ఆ ప్రాణం పేరు విభూతి.

ఐదేళ్ల కిందట హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, స్కూటర్ల మధ్య దొరికిన బూడిదరంగు పిల్ల అది. రంగును బట్టి బూడిద అని పిలిచాను. "దీపాలవేళ నోట రావలసిన పేరేనా అది?" అని అమ్మ దాన్ని విభూతిగా మార్చింది. మాది తరతరాలుగా శాకాహార కుటుంబం. కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. పిల్లి వచ్చాక అమ్మకూ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. దాని ప్యాకెట్లు, గిన్నెలు వంటింటి వెనక బాల్కనీలోనే ఉండాలి. చేప రుచితో వచ్చే డ్రై ఫుడ్, కింద వాచ్‌మన్ భార్య అప్పుడప్పుడూ పెట్టే చేప తలకాయలు, కోడి ముక్కలు తిని విభూతి నాలుగు కిలోలు దాటింది.

నిరుడు వానాకాలంలో కథ మారింది. మొదట మెడచుట్టూ గోకుడు. తర్వాత పొట్టకింద బొచ్చంతా ఊడేదాకా నాకుడు. వారానికి రెండుమూడుసార్లు వాంతి. చివరికి గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి, కాలితో నేలను గీరి, ఏదో కప్పెట్టినట్టు చేసి వెళ్లిపోవడం మొదలుపెట్టింది.

చూసిన ప్రతివారి దగ్గరా ఒక సలహా ఉంది. "రెండ్రోజులు మాడ్చండి, అదే తింటుంది" అన్నారు పై ఫ్లాట్ పెద్దాయన. "కాస్త పెరుగన్నం పెట్టరా, కడుపు చల్లబడుతుంది" అంది అమ్మ. పెంపుడు జంతువుల దుకాణంలోని కుర్రాడు కొత్త ప్యాకెట్ చేతిలో పెట్టి, "దీన్ని వద్దన్న పిల్లి లేదు సార్" అన్నాడు. మాడ్చమన్నా, చల్లబరచమన్నా, ప్యాకెట్ మార్చమన్నా మూడింటి వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే. పిల్లికి పెద్దగా ఏమీ కాలేదు, దాని నాలుకకే పొగరెక్కిందని.

మూడింటిలో ప్రమాదకరమైనది మొదటిది. మనిషి ఏకాదశి ఉండగలడు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒకపూట పస్తున్నా తట్టుకుంటుంది. పిల్లి శరీరానికి ఆ వెసులుబాటు తక్కువ. అది మాంసకృత్తులను కరిగించి శక్తిగా మార్చుకునే పనిని తిండి అందకపోయినా పెద్దగా తగ్గించుకోలేదు. రెండుమూడు రోజులు ఏమీ తినకపోతే, ముఖ్యంగా ఒళ్లున్న పిల్లి అయితే, ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. వచ్చిన కొవ్వును వచ్చినంత వేగంగా వాడుకోలేక కాలేయం దానితోనే నిండిపోతుంది. కళ్లు, చిగుళ్లు పచ్చబడతాయి. హెపాటిక్ లిపిడోసిస్ అనే ఈ జబ్బుకు చికిత్స చేయకపోతే ప్రాణం పోతుంది. చికిత్సలో ప్రధానభాగం ఏమిటంటే తిండే. నోటితో తినకపోతే గొట్టం వేసి వారాలపాటు పెట్టాలి. లావుగా ఉన్న పిల్లి రెండ్రోజులు తినకపోతే చిక్కుతుందిలే అనుకోవడం కన్నా పెద్ద అపోహ లేదు. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే వైద్యుడికి ఫోన్ చేయాల్సిందే.

మేం వెళ్లిన డాక్టరమ్మ ఏ బ్రాండ్ పెడుతున్నారని ముందు అడగలేదు. నోరు తెరిచి పళ్లు చూశారు. పళ్లు, చిగుళ్లు నొప్పి ఉన్న పిల్లి ఆకలితో గిన్నె దాకా వచ్చి వెనక్కి పోతుంది. పెదాలు తడుముకుంటోందా, ఊరకే గుటకలు వేస్తోందా అని అడిగారు. అవి వికారానికి గుర్తులు. ముక్కు మూసుకుపోయిందేమో చూశారు. మనకు నాలుక మీద రుచిమొగ్గలు వేలల్లో ఉంటే పిల్లికి వందల్లోనే ఉంటాయి. అది తిండిని ముక్కుతోనే నిర్ణయించుకుంటుంది. జలుబు చేసి వాసన తెలియకపోతే ఎదురుగా ఉన్నది తిండేనని దానికి నమ్మకం కుదరదు. బొచ్చును పాయలు తీసి గోమార్ల కోసం వెతికారు. నులిపురుగుల మందు రాశారు. మూత్రపిండాల కోసం రక్తపరీక్ష చేయించారు. "వేషాలు అనేది అన్నీ చూశాక చివర్లో అనాల్సిన మాట సార్" అన్నారు. పరీక్షలన్నీ సవ్యంగా వచ్చాయి. చర్మం, కడుపు రెండూ ఒకేసారి ఇబ్బంది పెడుతున్నాయి కాబట్టి తిండి పడటం లేదేమోనన్న అనుమానం మిగిలింది.

అమ్మ పెరుగన్నం సంగతి ఆమెకు చెప్పాను. నవ్వలేదు. పిల్లికి శాకాహారం ఎందుకు చాలదో వివరించారు. ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపితే లెక్క ఇది. టారిన్ అనే పదార్థాన్ని మన శరీరం తయారుచేసుకుంటుంది. పిల్లి తనకు సరిపడా తయారుచేసుకోలేదు. అది మాంసం, చేపల నుంచే అందాలి. అది లేని ఆహారం తిన్న పిల్లుల కంటి రెటీనా క్షీణిస్తుందని 1975లో అమెరికా పరిశోధకులు చూపారు. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పాల్ పియన్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. గుండె కండరం సాగి చనిపోతున్న పిల్లులలో టారిన్ తక్కువగా ఉందని, టారిన్ ఇస్తే ఆ గుండెలు కోలుకుంటున్నాయని కనిపెట్టింది. ఆ పిల్లులు తిన్నది వీధి ఎంగిళ్లు కావు. కంపెనీల వాళ్లు తయారుచేసిన ఆహారమే. ఆ తర్వాతే పిల్లుల ఆహారంలో టారిన్ మోతాదు పెంచారు.

టారిన్ ఒక్కటే కాదు. క్యారెట్‌లోని కెరోటిన్‌ను మనం విటమిన్ ఎ గా మార్చుకుంటాం. పిల్లి మార్చుకోలేదు. పాలలోని చక్కెరను అరిగించే శక్తి చాలా పిల్లులకు పెద్దయ్యాక తగ్గిపోతుంది. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి సామెతల్లో బాగానే ఉంటుంది గానీ, ఇంట్లో దాని విరేచనాలు ఎత్తేవాడికే అసలు సంగతి తెలుస్తుంది. తీపి రుచి దానికి తెలియనే తెలియదు. తీపిని పసిగట్టే జన్యువుల్లో ఒకటి పిల్లిజాతిలో పనిచేయడం మానేసిందని ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2005లో తేల్చారు. మేం పప్పూ అన్నం తినడం మేం ఎంచుకున్న నియమం. విభూతి మాంసం తినడం అది ఎంచుకున్నది కాదు. దాని ఒంటి కట్టుబడే అంత.

పడని తిండి ఏదో తేల్చడానికి రక్తపరీక్షలను నమ్ముకోలేం. నమ్మదగిన దారి పథ్యం ఒక్కటే. సులువైన మార్గంగా డాక్టరమ్మ హైడ్రోలైజ్డ్ డైట్ రాశారు. ఇందులో మాంసకృత్తులను ముందే చిన్న చిన్న తునకలు చేస్తారు. ఎలర్జీ తెచ్చిపెట్టే రక్షణ వ్యవస్థ వాటిని గుర్తుపట్టలేనంత చిన్నవిగా. ఎనిమిది వారాలపాటు అది, మంచినీళ్లు తప్ప మరేమీ నోట పడకూడదు. చేప తలకాయ, బిస్కెట్ ముక్క, మాంసం రుచి కలిపిన మందుబిళ్ల, దేనికీ మినహాయింపు లేదు. ఒక్క ముక్క తిన్నా లెక్క చెదురుతుంది. వాంతులు, విరేచనాలైతే రెండుమూడు వారాల్లో తగ్గుముఖం పడతాయి. చర్మం నెమ్మదస్తురాలు. దానికి పూర్తి గడువు ఇవ్వాలి.

చిక్కల్లా విభూతి దాన్ని తినకపోవడంతో వచ్చింది. ఒంటికి పడని తిండి ఒక సమస్య. పడే తిండిని నోరు ఒప్పుకోకపోవడం రెండోది. రెండూ ఒకే పిల్లిలో కలిస్తే ఎటు వెళ్లాలో తోచదు.

తిండి మార్చే పద్ధతి ఉంది. పాతదాంట్లో కొత్తది పావువంతు కలిపి, వారం పది రోజుల్లో మొత్తం మార్చాలి. తిండిని ఎలుక ఒంటి వెచ్చదనం దాకా, అంటే మన చేతికి గోరువెచ్చగా తగిలేలా వేడిచేయాలి. వెచ్చబడితే వాసన లేస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే పెడితే చాలా పిల్లులు ముట్టవు. లోతు గిన్నెకు బదులు వెడల్పాటి పళ్లెం మేలు. మలవిసర్జన తొట్టికీ, వాషింగ్ మెషిన్ మోతకీ దూరంగా పెట్టాలి. రోజుకు రెండుసార్లు కుప్ప పోయకుండా నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. స్వేచ్ఛగా వేటాడే పిల్లి ఒకే పెద్ద భోజనం చేయదు. చిన్నచిన్న ప్రాణులను పట్టుకుని రోజంతా పలుమార్లు తింటుంది. ఇవన్నీ చేశాం. రెండ్రోజులు సగం సగం తిన్నది. మూడోనాడు ముఖం తిప్పేసుకుంది. ఆ సాయంత్రం తూకం వేస్తే నాలుగు కిలోల మూడు వందల గ్రాములున్నది నాలుగుకు దిగింది.

డాక్టరమ్మ ఇంకో రోజు చూద్దామనలేదు. "పథ్యం కంటే ప్రాణం ముందు. పిల్లి తినే తిండే దానికి మంచి తిండి. ముందు కడుపులో ఏదైనా పడనివ్వండి" అన్నారు. వికారానికి ఇంజెక్షన్ ఇచ్చారు. ఆకలి పుట్టే మందు రాశారు. వద్దన్న ఆహారాన్ని బలవంతంగా నోట్లో పెట్టవద్దని మరీమరీ చెప్పారు. కాగిన పాలు తాగిన రామకృష్ణుడి పిల్లి నాకు గుర్తొచ్చింది అప్పుడే. తర్వాత ఒక ప్రశ్న వేశారు. "ఇది పుట్టాక ఇంతవరకు తినని మాంసం ఏది?"

చేప తిన్నది. కోడి తిన్నది. చాలా ప్యాకెట్లలో పేరు ఏదున్నా కోడి ఉంటుంది. మేక మాంసం మాత్రం ఎన్నడూ తినలేదు. ఉప్పూకారం లేకుండా ఉడికించిన మేక మాంసంతో పథ్యం నడుపుదామన్నారు. ఉల్లి, వెల్లుల్లి పొరపాటున కూడా తగలకూడదు. అవి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను చిట్లగొడతాయి. కూరలోంచి తీసి కడిగిన ముక్క కూడా పనికిరాదు. ఉడికిన ఎముక పుల్లల్లా విరిగి పేగును చీరుతుంది కాబట్టి అదీ వద్దు. టారిన్ నీళ్లలోకి దిగిపోతుంది కనుక ఉడికించిన నీళ్లు పారబోయకుండా ముక్కల మీదే పోయాలి. ఒట్టి మాంసం ఎన్నాళ్లయినా పెట్టదగ్గ ఆహారం కాదు. అందులో కాల్షియం చాలదు. అందుకని కలపాల్సిన పొడులు కొలతతో రాసిచ్చి, పథ్యం గడువు దాటాక కొనసాగించవద్దన్నారు.

ఇక మిగిలింది ఎక్కడ వండాలన్నది. నేను అడగలేదు. అమ్మ ముందు కాగితం పెట్టాను. ఆ రాత్రి ఆమె ఏమీ మాట్లాడలేదు. పొద్దున కాఫీ ఇస్తూ, "ధర్మవ్యాధుడి కథ తెలుసుగా. కౌశికుడంతటివాడు ధర్మం తెలుసుకోవడానికి వెళ్లింది మాంసం కొట్టుకేగా. బాల్కనీలో వేరే పొయ్యి పెట్టుకో. నా గిన్నెలు మాత్రం ముట్టకు" అంది.

మాంసం కొట్టు మెట్లు నా జీవితంలో అప్పుడే ఎక్కాను. "కూరకా సార్, బిర్యానీకా?" అని అడిగాడు కొట్టతను. పిల్లికన్నాను. "ముందే చెప్పొద్దా సార్" అని, కోసిన ముక్కలు పక్కకు నెట్టి, కొవ్వు లేని తొడభాగం తీసి, ఎముక రాకుండా గోటి అంత ముక్కలు చేసిచ్చాడు. నవ్వలేదు. ఇంట్లో వాసనకు నాకు కడుపులో తిప్పినా, విభూతి పళ్లెం నాకి ఇంకా ఉందా అన్నట్టు చూసింది. అమ్మ తలుపు సందులోంచి చూసి, "తిందా?" అని అడిగింది.

ఆ ఎనిమిది వారాలు పథ్యానికి కావలి అమ్మే. వాచ్‌మన్ భార్యకు తనే వెళ్లి చెప్పింది. ఇంటికొచ్చిన పిల్లలు జేబులోంచి బిస్కెట్ తీస్తే చేయి పట్టుకుంది. గోడకు తగిలించిన క్యాలెండర్ మీద పంచాంగం పక్కనే వాంతి అయిన రోజున చుక్క పెట్టింది. మూడో వారానికి చుక్కలు ఆగాయి. ఆరో వారంలో పొట్టకింద వెల్వెట్ లాంటి కొత్త బొచ్చు మొలిచింది. ఎనిమిదో వారం దాటాక నిర్ధారణ కోసం డాక్టరమ్మ చెప్పినట్టు కొద్దిగా చేప పెట్టి చూశాం. నాలుగో రోజున వెనక కాలు మళ్లీ మెడ మీదికి వెళ్లింది. చేప ఆపగానే తగ్గింది. ఆ తర్వాత కోడి పెట్టాం. ఏమీ కాలేదు.

పిల్లికి చేప పడకపోవడమేమిటని నేను ఆశ్చర్యపోతుంటే, "నీకు వంకాయ పడదుగా. తెలుగువాడివి కావా?" అంది అమ్మ. నిజానికి ఇందులో వింతేమీ లేదు. పిల్లులలో తిండి ఎలర్జీలకు ఎక్కువగా కారణమయ్యేవి గొడ్డుమాంసం, చేప, కోడి. అవి చెడ్డ ఆహారాలని కాదు. ఎక్కువ పిల్లులు ఎక్కువకాలం తినేవి అవే. ఎలర్జీ కొత్త తిండి వల్లే వస్తుందనుకుంటాం. ఏళ్ల తరబడి హాయిగా తిన్న తిండికే శరీరం ఒకనాడు ఎదురు తిరుగుతుంది. పైగా చేప విషయంలో ఎలర్జీ లేని పిల్లికి కూడా హద్దులున్నాయి. కొన్ని రకాల పచ్చిచేపల్లో ఉండే ఎంజైమ్ బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. నూనె ఎక్కువుండే చేపలే రోజూ పెడితే ఇ విటమిన్ కరువై ఒంట్లోని కొవ్వు వాచిపోతుంది. అలాగే కార్జం. రోజూ అదే పెడితే విటమిన్ ఎ మితిమీరి మెడ ఎముకలు అతుక్కుపోతాయి. పిల్లి ఇష్టంగా తినడం వేరు, ఆ తిండి దానికి పడటం వేరు.

ఈ తేడా తెలియకపోతే దుకాణంలో నష్టపోయేది మనమే. కొన్నేళ్లుగా మన నగరాల్లో పిల్లుల తిండి అరలు పెరుగుతున్నాయి. హైదరాబాద్‌కు దగ్గర్లోని సిద్దిపేట జిల్లాలోనే మార్స్ సంస్థ పెంపుడు జంతువుల ఆహార కర్మాగారం నడుపుతోంది. ప్యాకెట్ ముందువైపు బొమ్మ మన కోసం. వెనకవైపు సన్న అక్షరాలు పిల్లి కోసం. మేక పేరున్న ప్యాకెట్ వెనక కోడి, చేపపొడి, చేపనూనె కనిపించడం మామూలే. విభూతి లాంటి పిల్లికి ముందువైపు చదివి కొంటే పథ్యం మొదటికొస్తుంది. తర్వాత చూడాల్సిన మాట, అది సంపూర్ణ ఆహారమా, అనుబంధ ఆహారమా అన్నది. పిల్లులు ఎగబడి నాకే ట్యూబులు, గ్రేవీ పొట్లాలు చాలావరకు రెండో రకం. అవి మన పచ్చడి లాంటివి. వాటితోనే కడుపు నింపకూడదు.

మూడోది అంకెల తికమక. వెట్ ఫుడ్ పొట్లం మీద ప్రొటీన్ 9 శాతం, డ్రై ఫుడ్ సంచి మీద 30 శాతం అని ఉంటే రెండోదే బలమైనదనిపిస్తుంది. పొట్లంలో 80 శాతం నీళ్లే. నీళ్లు తీసేస్తే మిగిలిన 20 పాళ్లలో 9 పాళ్లు ప్రొటీన్, అంటే 45 శాతం. సంచిలో నీళ్లు 10 శాతమే కాబట్టి అక్కడ లెక్క 33 శాతం. అమెరికాలో ప్రమాణాలు నిర్ణయించే ఆఫ్కో సంఘం ఎదిగిన పిల్లికి నీళ్లు తీసేసిన లెక్కలో కనీసం 26 శాతం ఉండాలంటుంది. ఆ నీళ్లకూ విలువ ఉంది. పిల్లుల పూర్వీకులు ఎడారి ప్రాంతాలవాళ్లు. దాహం తక్కువ, వేట నుంచే నీరు తీసుకోవడం అలవాటు. మూత్రనాళం తరచు ఇబ్బంది పెట్టే మగపిల్లులకు తడి ఆహారం మేలుచేస్తుంది.

అంకెలు కూడా పూర్తి నిజం చెప్పవని 2007 మార్చిలో ఉత్తర అమెరికాలో తేలింది. పిల్లులు, కుక్కలు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోవడంతో ఎన్నో బ్రాండ్ల ఆహారాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ కలిసిందని బయటపడింది. ప్రొటీన్‌ను నేరుగా తూచరు. నత్రజనిని కొలిచి లెక్కగడతారు. మెలమైన్‌లో నత్రజని దండిగా ఉంటుంది. పరీక్ష దాన్ని ప్రొటీన్ అనుకుంది. మాంసాహారి గిన్నెలోకి గోధుమ పదార్థం ఎందుకొచ్చిందన్నది ఇంకో ప్రశ్న.

ఇక రుచి సంగతి. ఎండు గుళికల మీద చల్లే రుచి పూతలను కంపెనీలు ఎంతో పరిశోధించి తయారుచేస్తాయి. పిల్లి నాలుక మీద మాంసపు రుచిని పసిగట్టే గ్రాహకం మనదానికన్నా ఎలా భిన్నమో, ట్యూనా చేపలోని ఏ పదార్థాల జోడీ దాన్ని తట్టిలేపుతుందో బ్రిటన్‌లోని వాల్తామ్ పరిశోధకులు 2023లో వివరంగా చూపారు. కాబట్టి మా పిల్లి దీన్ని వదలదు అనేది ఆ ఆహారానికి యోగ్యతాపత్రం కాదు. ఆకుకూర వద్దని చిప్స్ అడిగే పిల్లవాడి ఇష్టం లాంటిదే అదీ.

మిత్రుడొకరు అడిగారు, టారిన్‌ను కర్మాగారంలో తయారుచేస్తున్నప్పుడు పిల్లిని కూడా శాకాహారిని చేయవచ్చు కదా అని. న్యాయమైన ప్రశ్నే. కొన్ని దేశాల్లో అలాంటి ఆహారం అమ్ముతున్నారు. దానితో పిల్లులు బాగానే ఉన్నాయన్న అధ్యయనాలు చాలామటుకు యజమానులను అడిగి రాసినవి. పిల్లులను ఏళ్ల తరబడి పరీక్షించి చెప్పినవి కావు. ఆ దూరం తగ్గితే ఆనందించేవాళ్లలో మేం ముందుంటాం. అప్పటిదాకా మా నమ్మకాన్ని విభూతి కాలేయం మీద, గుండె మీద పరీక్షించే హక్కు మాకు లేదు.

అలాగని మేక ప్రాణం తేలికైపోదు. మాంసం కొట్టు ముందు కట్టేసిన మేక కళ్లల్లోకి చూసి, ఇది విభూతి కోసం అని సర్దిచెప్పుకోవడం నాకు ఇప్పటికీ చేతకాదు. పిల్లిని ఇంట్లోకి తెచ్చుకోవడమంటే దాని ఆకలి వెనకున్న హింసలో కూడా వాటా తీసుకోవడమే. పాలగిన్నె, ఊలు ఉండ ఉన్న బొమ్మల్లో ఈ వాటా కనిపించదు. పిల్లిని పెంచుకోవాలనుకునే శాకాహార కుటుంబాలు ముందుగా మాట్లాడుకోవాల్సింది దీని గురించే. ఇష్టం లేకపోతే పెంచుకోకపోవడం గౌరవప్రదమైన నిర్ణయం. పెంచుకుని పెరుగన్నం పెట్టడం మాత్రం కాదు.

పథ్యం గడువు ముగిశాక, చేప జాడ లేని, సంపూర్ణ ఆహారమని రాసి ఉన్న రెండు రకాలు డాక్టరమ్మ సలహాతో ఎంచాం. ఒకటి తడిది, ఒకటి పొడిది. రెండేం ఎందుకంటే ఒకదానికే అలవాటుపడ్డ పిల్లి, అది బజారులో దొరకని రోజున నిరాహార దీక్షకు కూర్చుంటుంది. వారానికోసారి తూకం వేస్తాం. ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎలా విసర్జించింది అని ఒక నోటుపుస్తకంలో రాస్తాం. మాటలు రాని ప్రాణి తన ఒంటి సంగతి చెప్పుకోవడానికి దానికున్న మార్గాలు ఆ మూడే.

నెలకు రెండుసార్లు వచ్చే ఏకాదశికి అమ్మ ఇప్పటికీ పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోదు. ఆ రోజు తెల్లారి లేచి స్నానం చేసి, బాల్కనీ వైపు తొంగిచూసి అడిగే మొదటిమాట, "విభూతి తిందా?"